చెప్పులలోని అప్పు

(మన సంఘ వార్షిక సభయందు చేసిన ప్రసంగ పాఠము)



అప్పులున్నవాని వెంటను, చెప్పులున్నవాని వెంటను నడువరాదని మన పెద్దలు చెప్పిరి. అప్పులున్నవానిని త్రోవలో ఋణదాతలు నిలువవేయుదురు. వెంటనున్నవానికిని ఆలస్యము తప్పదు. చెప్పులున్నవాడు ముళ్ళనక, రాళ్ళనక సాగిపోవును. వట్టి కాళ్ళతో వెంట వచ్చువాని పాదములు చీరుకొనిపోవును. ఈ సామెతలో అప్పును, చెప్పును పక్కపక్కనే పెట్టిన పెద్దలకు మన పాలారు సంగతి తెలియదు. అయినను ఈనాడు మన జిల్లాలలో ఆ రెండును ఒకటే అయినవి. మనము తొడిగెడు చెప్పులోనే అప్పు ఉన్నది. ఆ అప్పు ఎవరు చేసిరి, ఎవరు తీర్చుచున్నారు అను విషయమును నేడు మీ ముందు మనవి చేయదలచినాము.

మేము పాదరక్షల వ్యాపారము చేయువారము. మా తాతగారి నాటినుండి తోలు చెప్పులు, నడికట్లు, సంచులు అమ్మి బ్రతికినవారము. కావున తోలును గూర్చి మేము మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఇందులకు కారణమైన చిన్న సంగతిని ముందుగా చెప్పెదము.

పాలారు ఒడ్డున ఒక పల్లెలో కాపురమున్న రైతు ఒకరు తండ్రి కాలమునుండి మా అంగడికే వచ్చుచుండెడివారు. ఇంట తెలుగు మాటలాడు కుటుంబము. ఒకనాడు వారు వచ్చి రబ్బరు చెప్పులు చూపుమనిరి. మేము అలవాటు చొప్పున మంచి తోలు జోడు తీసి ముందుంచి, "ఇది చూడండి మామా, నాలుగేండ్లు నిలుచును" అంటిమి. ఆయన దానిని చేతిలోనికి తీసికొని, తిప్పి చూచి, మరల క్రింద పెట్టి, "వద్దు నాయనా, ఈ తోలు మా బావి నీళ్ళు తాగి వచ్చింది. దానికి మళ్ళీ నేనే డబ్బు కట్టాలా?" అనిరి. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. ఆయన రబ్బరు చెప్పులు కొనుక్కొని వెడలిపోయిరి. ఆ రాత్రి లెక్క వ్రాసికొనునపుడు ఆ జోడు కొన్న వెల, అమ్మదగిన వెల చిట్టాలో కనుపించినవి గాని, ఆయన బావి ఎక్కడను కనుపించలేదు. వ్యాపారి చిట్టాలో చేరని ఖర్చు లేకుండ పోదు. అది మరియొకరి చిట్టాలో చేరును.

మన పాలారు కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున పుట్టి, చిత్తూరు సీమలోని కుప్పము ప్రాంతమును తాకి, తమిళనాడు ప్రవేశించి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటల మీదుగా పారి సముద్రమున కలియును. మూడు రాష్ట్రముల నది ఇది. దీనినే క్షీరనది యనిరి. ఏడాదిలో అధిక భాగము పైకి ఇసుకయే కనుపించినను, ఆ ఇసుక క్రింది ఊటనీరే వందల ఊళ్ళకు త్రాగునీరై, సాగునీరై నిలిచినది. నది పైకి పారకపోవుటకు తోలు పరిశ్రమ ఒక్కటే కారణము కాదు. ఎగువ కట్టలు, ఇసుక తవ్వకములు, వానల లేమి మొదలగునవి కలవు. కాని ఊటనీరు ఉప్పగుటకు, రంగు మారుటకు ముఖ్య కారణము తోళ్ళ కర్మాగారములే.

ఇది ఎట్లు జరిగినదో కొంచెము విపులముగా చెప్పవలెను. పచ్చితోలు చెడకుండుటకు మొట్టమొదట దాని బరువులో దాదాపు 40 శాతము ఉప్పు పట్టింతురు. కర్మాగారమున ఆ ఉప్పును కడిగివేయుదురు, పిదప సున్నమును, సోడియం సల్ఫైడును చేర్చి వెండ్రుకలూడదీయుదురు, మాంసపు పొరలు గీకుదురు, ఆమ్లములో నానవేయుదురు, కడపట క్రోమియము లవణము పట్టింతురు. పూర్వము మన ప్రాంతమున ఈ పని తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో జరుగుచుండెడిది. అందులకు వారములు పట్టును. క్రోమియముతో ఒకటి రెండు దినములలో ముగియును. వ్యాపారికి కాలమే ధనము గదా! అయితే తొట్టిలో వేసిన క్రోమియమంతయు తోలు పీల్చుకొనదు. సాధారణ పద్ధతిలో మూడవ వంతుకు పైగా నీటిలోనే మిగులును. వేయి కిలోల పచ్చితోలు వేసిన, కడకు చేతికి వచ్చు సిద్ధమైన తోలు రమారమి 200 మొదలు 250 కిలోలు మాత్రమే. తక్కినది ఉప్పునీరుగా, బురదగా, తునకలుగా, దుర్గంధముగా మన ఊళ్ళలో మిగులును. కిలో తోలునకు 35 లీటర్ల నీరు పట్టునని సర్వోన్నత న్యాయస్థానము తన తీర్పులో వ్రాసినది.

ఈ బురద మన ప్రాంతమునకే ఏల వచ్చెనని అడుగవచ్చును. పూర్వము మదరాసు నుండి సగము శుద్ధియైన తోళ్ళు సీమకు పోవుచుండెడివి. చివరి పని అచ్చటనే జరుగుచుండెడిది. 1972లో సీతారామయ్య సంఘము చేసిన సిఫారసులను అనుసరించి, పచ్చితోలు, సగము చేసిన తోలు కాక పూర్తిగా సిద్ధమైన తోలునే ఎగుమతి చేయవలెనను విధానము వచ్చెను. విదేశీ ద్రవ్యము వచ్చినది, వేలమందికి పని దొరికినది. ఆ మేలును కాదనము. కాని దానితోపాటు, ధనిక దేశములు తమ గడపలో వద్దనుకొన్న రసాయనపు నీళ్ళును మన గడపకు వచ్చినవి. జోళ్ళు ఓడ ఎక్కినవి. మురుగు మనవద్ద నిలిచినది.

ఈ అన్యాయముపై వేలూరు పౌరుల సంఘమొకటి 1991లో సర్వోన్నత న్యాయస్థానమునకు మొరపెట్టుకొనెను. 1996 ఆగస్టు 28వ తేదీన తీర్పు వచ్చెను. మన జిల్లా పేరు ఈనాడు దేశములోని న్యాయశాస్త్ర విద్యార్థులందరు చదువుచున్నారు. కారణము ఆ తీర్పే. పాడుచేసినవాడే పరిహారము చెల్లింపవలెననియు, హాని నిశ్చయముగా రుజువగు వరకు వేచియుండక ముందే జాగ్రత్త పడవలెననియు ఆ తీర్పు స్థిరపరచినది. తమిళనాడులో సుమారు 35,000 హెక్టారుల సాగునేల, అనగా మన లెక్కలో రమారమి 86,000 ఎకరములు, కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండ పోయినదని అందు ఉదహరింపబడినది. ఆ తీర్పు ఫలితముగా ఏర్పడిన అధికార మండలి 2001లో 29,193 మంది బాధితులకు 26 కోట్ల 82 లక్షల రూపాయలు ఈయవలెనని నిర్ణయించినది. మేము వ్యాపారులము గనుక భాగించి చూచితిమి. తలకు సగటున సుమారు 9,190 రూపాయలు! చచ్చిన బావికి, ఎండిన కొబ్బరితోటకు, పాడైన పొలమునకు కట్టిన వెల అది. అదియును అందరికి, అంతయు, సకాలమున ముట్టలేదు. ముప్పదేండ్లు కావచ్చుచుండగా, 2025 జనవరి 30న సర్వోన్నత న్యాయస్థానమే మరల జోక్యము చేసికొని, పరిహారము చెల్లింపుమనియు, నదిని బాగుచేయుటకు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన సంఘము వేయుమనియు ఉత్తరువు చేయవలసి వచ్చినది.

ఈలోపల ఏమియు జరుగలేదనుట న్యాయము కాదు. ఉమ్మడి శుద్ధి కేంద్రములు కట్టిరి. మురుగునీరు బయటికి విడువరాదను నిబంధన వచ్చినది. నీటిని వడకట్టి తిరిగి వాడుచున్నారు. కాని నీటిలోనుండి తీసిన ఉప్పును, బురదను ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న మిగిలినది. 2015 జనవరి 31న రాణిపేట పారిశ్రామికవాడలో శుద్ధి కేంద్రపు బురదతొట్టి గోడ కూలి, పక్కనున్న కర్మాగారములో నిద్రించుచున్న కూలీలపై పడి పదిమంది మరణించిరి. వారిలో అధికులు వంగదేశమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. శుద్ధి చేయుటకై కట్టిన తొట్టియే వారిని పొట్టనబెట్టుకొనెను. అదే రాణిపేటలో 1990 దశకమున మూతబడిన క్రోమియము రసాయనపు కర్మాగారము వెనుక లక్ష టన్నులకు పైబడిన వ్యర్థము గుట్టగా మిగిలినది. అందున్నది షట్సంయోజక క్రోమియము, అనగా పుండ్లను, రాచపుండును కలిగించునట్టిది. యజమాని తాళము వేసి పోవచ్చును, గుట్ట పోదు, వాన వచ్చినపుడెల్లను అది భూమిలోనికి దిగుచునే యుండును.

ఇది నీటికి మనము పడిన అప్పు. ఇక రెండవ అప్పు మూగజీవులది.

తోలు మాంసమునకు ఉపఫలమేగాని దానికొరకు ఎవరును పశువును చంపరని మా వ్యాపారములో అందరమును చెప్పుకొందుము. మేమును ఎన్నోసార్లు చెప్పితిమి. ఇందు కొంత నిజము కలదు. కాని తోలుకు వచ్చు ధర కూడ కొనుగోలుదారుని లెక్కలో చేరినదే. వెల ఉన్న వస్తువు వ్యాపారికి కేవల వ్యర్థము ఎన్నటికిని కాదు. పాలుడిగిన గేదెయు, వయస్సు మళ్ళిన ఎద్దును సంతకు వచ్చి, లారీలలో ఇరికింపబడి, నీరు మేత లేక రాత్రింబవళ్ళు ప్రయాణము చేయుట మన రహదారులపై చూచుచునే యున్నాము. పశువుల రవాణాకు 1978లోనే నియమములు చేసిరి. అవి కాగితముపై నున్నవి. జంతుహింసా నివారణకై రుక్మిణీదేవి అరండేలు గారు రాజ్యసభలో పట్టుదలతో పోరాడగా 1960లో చట్టము వచ్చినది. అంతటి పెద్ద ప్రయత్నము చేసినది మన మదరాసు నగరవాసియైన నాట్యకళాకారిణి యని మన పిల్లలకు చెప్పవలెను.

ఈ మాట చెప్పునపుడే మరియొక మాట స్పష్టము చేయవలసియున్నది. జంతుదయ పేరిట మనుష్యులను కొట్టువారితో మాకు పొత్తు లేదు. 2016 జూలైలో గుజరాతులోని ఊనా వద్ద, చనిపోయిన ఆవు తోలు ఒలిచినందులకు దళిత యువకులను కట్టి కొట్టిరి. చచ్చిన పశువును ఊరిలోనుండి తొలగింపుమని ఒక కులముపై పని మోపుట, ఆ పని చేసినందులకు మరల వారినే దండించుట దయ యనిపించుకొనదు. ఇది ఫలాని మతమువారి వ్యాపారమనియు, ఫలాని కులమువారి పని యనియు వేలు చూపుటకు మేము ఇక్కడ నిలువలేదు. పశువుల పాలు త్రాగినది మనమందరము. వాని తోలు తొడిగినది మనమందరము.

మూడవ అప్పు పనివారిది. ఇది మన తెలుగువారికి మరింత దగ్గరి విషయము. తమిళనాడులో తరతరములుగా తోలుపని చేసిన అరుంధతీయులలో అనేకులు ఇంట తెలుగే మాటలాడుదురు. మన భాష మనదని సభలు చేయుదుము, పాఠశాలలు అడుగుదుము; కాని మన సభలలో వారికి ముందు వరుసలో కుర్చీ వేసిన దినములెన్ని? ఆ భాషను మనతోపాటు మోసినవారు వారు. 2009లో ఈ రాష్ట్రము వారికి 3 శాతము లోపలి రిజర్వేషను ఇచ్చినది. ప్రభుత్వము గుర్తించినదానిని మనము ఆలస్యముగానైనను గుర్తింపవలదా? ఈనాడు కర్మాగారములలో ఏ కులమువారు పని చేసినను, సున్నపు తొట్టిలో చేతులు పెట్టువారి చర్మము పగులుచునే యున్నది. సల్ఫైడు నీటికి ఆమ్లము తగిలినచోట పుట్టు విషవాయువు మురుగుతొట్టిలో దిగినవానిని నిమిషములలో పడవేయును. అట్టి మరణములు వార్తాపత్రికలలో మరల మరల వచ్చుచునే యున్నవి.

ఈ సందర్భమున మన తెలుగువారైన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారిని తలచుకొనవలెను. తెనాలి దాపున యలవర్రులో 1922లో జన్మించిన ఆ మహనీయుడు మదరాసు అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకుడుగా నుండి దానికి ప్రపంచఖ్యాతి తెచ్చెను. తోలుపని తక్కువ పని యని లోకము తలచు దినములలో ఆయన దానినే తన శాస్త్రముగా స్వీకరించెను. పల్లెలోని చర్మకారునికి శాస్త్రజ్ఞానము చేరవలెనని ఆయన కోరిక. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మనము ఆయనను కోల్పోతిమి. ఆయన నడిపిన సంస్థయే ఇటీవల నీరు లేకుండ క్రోమియము పట్టించు పద్ధతిని రూపొందించినది. అనగా మార్గము లేకపోలేదు. దాని ఖర్చును ధరలో చేర్చుటకు కొనువారును, అమ్మువారును ఒప్పుకొనుటయే కావలసియున్నది.

ఇక ఆక్షేపణలకు వత్తము. తోలు మానిన రెక్సిను వాడవలెను గదా, అది మాత్రము మేలా యని మా తోటి వర్తకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. రెక్సిను ప్లాస్టిక్కు జాతిది. ఏడాదికే చిట్లును, మన్నులో కలియదు, కాల్చిన విషము. తోలు జోడు ఒకటి బదులు రెక్సిను జోళ్ళు నాలుగు కొని పారవేసిన పాపము తగ్గదు, రూపు మారును. కావున వస్తువును మార్చుట కన్న అలవాటును మార్చుట ముఖ్యము. తక్కువ కొనుట, ఎక్కువ కాలము తొడుగుట, చినిగిన కుట్టించుకొనుట ఇవియే మొదటి మందులు.

పనివారి గతి ఏమి యనునది రెండవ ఆక్షేపణ. ఇది మరింత బరువైనది. ఇందులకు మన పొరుగుననే ఒక దృష్టాంతము కలదు. చెంగల్పట్టు ప్రాంతపు ఇరులవారు పాములు పట్టి తోళ్ళు అమ్మి జీవించుచుండెడివారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఆ బేరము ఆగిపోయి వారి బ్రతుకు తెరువు పోయినది. పాములను రక్షించితిమని చట్టము చేసినవారు ఊరకుండిన, ఆ కుటుంబములు పస్తులుండవలసినదే. కాని 1978లో వారి సహకార సంఘమొకటి ఏర్పడినది. ఏ చేతులు పామును చంపి తోలు ఒలిచినవో, ఆ చేతులే పామును పట్టి, విషము తీసి, ప్రాణముతో మరల అడవిలో విడుచుట నేర్చినవి. ఆ విషముతో తయారైన మందు దేశమంతట పాముకాటు తిన్న రైతులను బ్రతికించుచున్నది. పనివాని విద్యను గౌరవించి, దానికి క్రొత్త దారి చూపిన చోట జీవియు బ్రతికెను, మనిషియు బ్రతికెను. తోలు విషయమునను మనము వెదుకవలసినది ఇట్టి దారినే గాని, వేలమందిని రాత్రికి రాత్రి వీధిపాలు చేయు దారిని కాదు.

గాంధీమహాత్ముడు తన చేతులతో చెప్పులు కుట్టినవాడు. దక్షిణాఫ్రికాలో తనను చెరబెట్టిన జనరల్ స్మట్సుకే ఒక జత కుట్టి ఇచ్చెను. తోలు కావలసిన, సహజముగా చనిపోయిన పశువు తోలునే వాడవలెనని ఆయన నియమము. అందరికి చాలునంత తోలు అట్లు దొరకదనుట నిజమే. చాలదు గనుకనే కోరిక తగ్గించుకొనవలెనని దాని అర్థము.

కాబట్టి సభవారి ముందు నాలుగు మాటలు ఉంచుచున్నాము. మొదటిది, మన సంఘపు సన్మానములలోను, పెండ్లిండ్లలోను తోలు సంచులు, పెట్టెలు కానుకగా ఇచ్చు ఆచారమును మానుదము; చేనేత సంచి ఇచ్చిన మన సాలెవారికిని పని దొరకును. రెండవది, మన వర్తకులు తమ అంగడి ముందు చెప్పులు కుట్టువానికి నీడను, చోటును ఉచితముగా ఇచ్చి, చినిగినదానిని అమ్మకమునకు ముందు మరమ్మతు చేయించుకొనుమని కొనువారికి చెప్పుదురుగాక. మా అంగడిలో ఇది మొదలైనది. అమ్మకము కొంత తగ్గినమాట వాస్తవము, దాచిపెట్టము. మూడవది, తోలు వస్తువు తెప్పించునపుడు ఏ కర్మాగారమునుండి వచ్చినది, ఎట్లు శుద్ధియైనది అని వ్రాతమూలకముగా అడుగుదము. ఒక్క వర్తకుడు అడిగిన నవ్వుదురు. నలుబదిమంది అడిగిన బదులు చెప్పుదురు.

నాలుగవది అన్నింటికన్న ముఖ్యము. పాలారు ఒడ్డు పల్లెలలో తెలుగు రైతులును, తమిళ రైతులును పక్కపక్కనే నష్టపడిరి. పరిహారపు పట్టికలో పేరున్నదో లేదో తెలియనివారు, ఉన్నను సొమ్ము ముట్టనివారు, అర్జీ వ్రాసికొనలేనివారు వారిలో కలరు. మన సంఘములో న్యాయవాదులు కలరు, చదువుకొన్న పిల్లలు కలరు. నెలకొక ఆదివారము ఒక పల్లెకు పోయి, భాషాభేదము చూడక, అందరి అర్జీలు వ్రాసి పెట్టుదము. నీటికి తెలుగు, తమిళము లేవు. అల్పసంఖ్యాకులమైన మనము హక్కులు అడుగుటతోనే ఆగక, ఉన్న ఊరికి అక్కరకు వచ్చినచో, మన భాషకును అంతకు మించిన రక్ష లేదు.

తోలు వ్యాపారము చేయుచు ఈ మాటలు చెప్పుట మీకు సమ్మతమా యని ఎవరైన అడిగిన, మా సమాధానము ఒక్కటే. అప్పు ఉన్నదని ఒప్పుకొన్నవాడే దానిని తీర్చుటకు పూనుకొనును. ఆ రైతు మామ అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము బదులు చెప్పలేకపోతిమి. మరల ఆయన మా అంగడి మెట్టెక్కినపుడు, "మామా, మీ బావి మా చిట్టాలో చేరినది" అని చెప్పగలుగుటకే ఈ ప్రయత్నము. మొదటి అర్జీ ఆయన పల్లెలోనే వ్రాయుదము. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు మా అంగడి ముందర కలిసికొని బయలుదేరెదము. వచ్చువారు ఈ సభ ముగియుటకు ముందు కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించుకొన ప్రార్థన.